ములుగు జిల్లా చూడాలనుకునేవారికి: తరచుగా అడిగే ప్రశ్నలు

రామప్పకు ఎలా వెళ్ళాలి, మేడారం జాతర ఎప్పుడు, బొగత జలపాతంలో నీళ్ళున్నాయా అంటూ ములుగు గురించి తెలిసినవాళ్ళను బంధువులు, స్నేహితులు అడుగుతూనే ఉంటారు. వాటికి జవాబులన్నీ ఒకచోట ఉంటే మేలని ఇది రాస్తున్నాను. కొన్ని జవాబులు పొడుగయ్యాయి. అక్కడ చెప్పవలసింది అంత ఉంది.

ములుగు ఎక్కడుంది? ఎప్పుడు జిల్లా అయింది?

తెలంగాణకు ఈశాన్యంగా, గోదావరి ఒడ్డున, ఛత్తీస్‌గఢ్ సరిహద్దుకు ఆనుకుని ఉంది. మొదట ఉమ్మడి వరంగల్ జిల్లాలో, 2016 తర్వాత జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో భాగంగా ఉండేది. 2019 ఫిబ్రవరి 17న విడి జిల్లా అయింది. పెద్ద పట్టణమంటూ లేదు. జిల్లా కేంద్రం ములుగు కూడా చిన్న ఊరే. మిగిలినదంతా అడవి, చెరువులు, వరి పొలాలు, కోయ గూడేలు.

ఎలా చేరుకోవాలి? రైలు ఉందా?

జిల్లాలో రైలు మార్గం లేదు. వరంగల్ లేదా కాజీపేటలో దిగి, హనుమకొండ బస్టాండులో ములుగు, ఏటూరునాగారం వైపు వెళ్ళే బస్సు ఎక్కాలి. హనుమకొండ నుంచి ములుగు సుమారు 50 కిలోమీటర్లు, హైదరాబాదు నుంచి సుమారు 200. హైదరాబాదు నుంచి భూపాలపట్నం పోయే 163వ నంబరు జాతీయ రహదారే జిల్లాకు వెన్నెముక. చూడదగ్గ చోట్లలో చాలావరకు దీనికి అటూ ఇటూ చీలే దారుల్లోనే ఉన్నాయి.

ఒక్క రోజులో అన్నీ చూసి రావచ్చా?

రాలేరు. పొద్దున రామప్ప, మధ్యాహ్నం లక్నవరం చెరువు, సాయంత్రం బొగత అని పెట్టుకుని హైదరాబాదు నుంచి కార్లలో వచ్చేవాళ్ళు ఎక్కువ. వాళ్ళు చూసేది రోడ్డునే. కనీసం రెండు రాత్రులు ఉండేలా రండి. అంత వీలు లేకపోతే ఒక్క రామప్పకే రండి, రోజంతా అక్కడే గడపండి.

రామప్ప గుడికి ఆ పేరు ఎందుకు వచ్చింది?

గర్భగుడిలో ఉన్నది శివుడు, రుద్రేశ్వరుడు. కట్టించినవాడు కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు. కానీ జనం నోట నిలిచింది శిల్పి పేరు. శిల్పాచార్యుడు రామప్ప పేరు మీదే గుడిని పిలుస్తున్నామని తరతరాలుగా చెప్పుకుంటున్నారు. కట్టించిన సేనాని పేరు శాసనంలో ఉంటే, చెక్కినవాడి పేరు ఊరి నోట్లో ఉంది. నాకు ఈ గుడి మీద మొదట ప్రేమ పుట్టింది ఈ సంగతి విన్నప్పుడే.

ఆవరణలోనే చిన్న మండపంలో నిలువెత్తు శాసన స్తంభం ఉంటుంది. అది క్రీ.శ. 1213 నాటిది. రుద్రుడు గుడి కట్టించిన వైనం, దేవుడికి ఊళ్ళు దానమిచ్చిన సంగతి అందులో ఉన్నాయి. చాలామంది దాని పక్కనుంచే నడిచి వెళ్ళిపోతారు. ఒక్క నిమిషం ఆగండి.

రామప్పలో ముఖ్యంగా ఏం చూడాలి?

గుడి ఆరడుగుల ఎత్తున నక్షత్రాకారపు పీఠం మీద ఉంది. పైకెక్కగానే లోపలికి పరుగెత్తకండి. ముందు బయట ప్రదక్షిణ చేయండి. గోడ అడుగున ఏనుగుల వరుస గుడి చుట్టూ సాగుతుంది. ఒకటి తొండం ఎత్తి ఉంటే ఇంకొకటి దించి ఉంటుంది. అచ్చు పోసినట్టు ఒక్కలాంటివి రెండు కనిపించవు. పిల్లలుంటే వాళ్ళకు ఇదే మంచి ఆట, తేడాలు వెతకమనండి.

తర్వాత తల ఎత్తండి. చూరు కింద, ద్వారాలకు అటూ ఇటూ, నల్లరాతి మదనికలు, అంటే ఆడవాళ్ళ శిల్పాలు, ముందుకు వంగి నిలబడి ఉంటారు. తూర్పు, ఉత్తర, దక్షిణ ద్వారాల దగ్గర నలుగురు చొప్పున మొత్తం పన్నెండు మంది. ఒకామె ఒంటిమీద పాములు, ఆమె నాగిని. ఒకామె చీరను కోతి పట్టి లాగుతోంది. ఇంకొకామె కాళ్ళకు ఎత్తు మడమల పాదరక్షలు. ఈ చివరి శిల్పం ముందు ఎప్పుడూ గుంపు ఉంటుంది. అందరూ మడమలనే చూపించుకుంటారు. నా మాటగా ఆమె నడుము దగ్గర నగల గొలుసు చూడండి. గొలుసు ఒంటికి అంటుకుని లేదు, వేలాడుతోంది. దాని నీడ రాతి మీద పడుతుంది. ఎనిమిది వందల ఏళ్ళుగా వానకూ ఎండకూ నిలిచిన రాయి ఇంకా అద్దంలా మెరుస్తోంది.

లోపల రంగమండపంలో నాలుగు స్తంభాలు, వాటి పైన దూలాల మీద పురాణ కథలు. చీకటిగా ఉంటుంది కాబట్టి కళ్ళు అలవాటు పడేదాకా ఆగాలి. స్తంభాల మీద సూది మాత్రమే దూరేంత సన్నని రంధ్రాలు ఉన్నాయి. లోహాన్ని తొలిచినట్టు రాతిని తొలిచారు. గర్భగుడి ద్వారం పక్కన వేణువు ఊదే కృష్ణుడి శిల్పం ఉంది. దాన్ని తడితే స్వరాలు పలుకుతాయని ఎవరో చెప్పగానే చేయి చాపకండి. వేలమంది వేళ్ళ దెబ్బలు ఏ రాయీ తట్టుకోలేదు.

బయటకు వస్తూ నందిని చూడండి. చెవులు రిక్కించి, పిలుపు వినగానే లేవడానికి సిద్ధంగా ఉన్నట్టు కూర్చుంటుంది.

నీటిలో తేలే ఇటుకలు నిజమేనా?

నిజం. గోడలు ఎర్రని ఇసుకరాయి, స్తంభాలు, మదనికలు నల్లరాయి. విమానం, అంటే గర్భగుడి మీది శిఖరం మాత్రం ఇటుకలతో కట్టారు. ఆ ఇటుకలు నీటికంటే తేలిక, వేస్తే తేలుతాయి. బంకమట్టిలో కాలిపోయే పదార్థాలు కలిపి కాల్చడం వల్ల లోపల సన్నని గుల్లలు ఏర్పడి తేలికయ్యాయి. కింద ఉన్న కట్టడం మీద బరువు తగ్గించడానికి చేసిన ఉపాయమిది.

పునాది సంగతి ఇంకా గొప్పది. గుంత తవ్వి, ఇసుక నింపి గట్టిపరచి, దాని మీద పీఠం లేపారు. నేల కదిలితే ఆ కదలికను ఇసుక కొంత మింగేస్తుంది. గుడి లోపల నేల కొన్నిచోట్ల కుంగి, అలల్లా ఉండడం మీకే కనిపిస్తుంది. అయినా కట్టడం నిలిచింది. 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు ప్రాంతం కేంద్రంగా 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. హైదరాబాదులోనూ జనం ఇళ్ళలోంచి బయటికి వచ్చారు. ఆ ప్రకంపనలనూ రామప్ప తట్టుకుంది.

యునెస్కో గుర్తింపు ఎప్పుడు వచ్చింది?

2021 జూలై 25న ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. తెలంగాణకు అదే మొదటిది.

పేరిణి నాట్యానికి, రామప్పకు ఏమిటి సంబంధం?

కాకతీయుల గజసేనాని జాయప రాసిన ‘నృత్తరత్నావళి’లో పేరిణి గురించి ఉంది. యుద్ధానికి వెళ్ళే ముందు వీరులు శివుడి ఎదుట ఆడే నాట్యమని చెబుతారు. మధ్యలో ఆ నాట్యం మరుగున పడిపోయింది. నటరాజ రామకృష్ణ ఆ గ్రంథాన్నీ రామప్ప శిల్పాల్లోని భంగిమలనూ దగ్గరపెట్టుకుని దానికి మళ్ళీ ప్రాణం పోశారు. మద్దెల వాయించేవాళ్ళు, వరుసగా కాలు ఎత్తిన నర్తకులు ఉన్న పలకలు గుడి లోపల స్తంభాల మీదా దూలాల మీదా కనిపిస్తాయి. పుస్తకం, రాయి కలిసి ఒక నాట్యాన్ని తిరిగి ఇచ్చాయి.

గుడి చూశాక చెరువు దగ్గరికీ వెళ్ళాలా?

తప్పకుండా. ఈ ప్రశ్న అడిగేవాళ్ళకంటే అడగకుండా వెనుదిరిగేవాళ్ళు ఎక్కువ కావడమే నా బాధ.

కాకతీయులు గుడి కట్టినచోట చెరువు తవ్వించారు, చెరువు ఉన్నచోట ఊరు నిలిపారు. ఈ మూడూ ఒకే ఆలోచన. రామప్ప చెరువు కూడా గుడి కట్టిన కాలానిదే. గుట్టల మధ్య ఖాళీలను కట్టలతో మూసి, గుట్టలనే గోడలుగా వాడుకున్నారు. కట్ట మీద నిలబడితే ఒకవైపు నీళ్ళు, రెండోవైపు కింద వరి పొలాలు. తూము తెరిస్తే ఆ నీళ్ళే కాలువల వెంట పొలాలకు పోతాయి. గుడిలో రాయి ఎంత పాతదో ఈ కట్ట అంత పాతది. తేడా ఒక్కటే: గుడిని మనం చూస్తున్నాం, చెరువు మనకు అన్నం పెడుతోంది. ఇప్పుడు దేవాదుల ఎత్తిపోతల పథకం ద్వారా గోదావరి నీళ్ళు కూడా ఇందులోకి చేరుతున్నాయి.

నాట్లు పడే రోజుల్లో సాయంత్రం వేళ కట్ట మీదికి వెళ్ళండి. పొలంలోంచి ఇంటికి వచ్చే ఆడవాళ్ళు బురద కాళ్ళు కాలువలో కడుక్కుంటూ ఉంటారు. రేచర్ల రుద్రుడు ఈ ఊరికి ఏం చేశాడో శాసనంలో చదవడం కంటే ఇక్కడ బాగా అర్థమవుతుంది.

లక్నవరం ఎలా ఉంటుంది?

అదీ కాకతీయుల కాలపు చెరువే. గోవిందరావుపేట మండలంలో, ప్రధాన రహదారి మీది చల్వాయి దగ్గర లోపలికి తిరగాలి. చుట్టూ అడవి గుట్టలు, నీళ్ళ మధ్య చిన్న చిన్న దీవులు, వాటికి వేలాడే వంతెన, పడవలు. ఆదివారాలు వంతెన మీద కాలు పెట్టే చోటు దొరకదు. వారం మధ్యలో, వానలు తగ్గిన అక్టోబరు, నవంబరుల్లో వెళ్తే చెరువు నిండుగా, మనుషులు పలుచగా ఉంటారు. రాత్రి ఉండి తెల్లవారుజామున పొగమంచు చూడగలిగితే ఇంకా మంచిది.

మేడారం జాతర ఎప్పుడు జరుగుతుంది?

రెండేళ్ళకోసారి, సరి సంవత్సరాల్లో, మాఘ పౌర్ణమి సమయంలో. బుధవారం మొదలై శనివారంతో ముగిసే నాలుగు రోజుల జాతర. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు జరిగింది. ఒక్కోసారి జనవరి చివరికీ జరుగుతుంది. 1996లో దీన్ని రాష్ట్ర పండుగగా ప్రకటించారు. కోటి మందికి పైబడి వస్తారని అంచనా. అంతమంది వచ్చేది తాడ్వాయి అడవిలోని ఒక చిన్న ఊరికి.

ఆ నాలుగు రోజుల్లో ఏం జరుగుతుంది?

ఇది సమ్మక్క, ఆమె కూతురు సారలమ్మల జాతర. బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ గద్దెకు, అంటే దేవతలను నిలిపే అరుగుకు, వస్తుంది. పూనుగొండ్ల నుంచి సమ్మక్క భర్త పగిడిద్దరాజు, కొండాయి నుంచి సారలమ్మ భర్త గోవిందరాజు కూడా వస్తారు. గురువారం అసలు ఘట్టం. కోయ పూజారులు చిలకలగుట్ట ఎక్కి, కుంకుమ భరిణె రూపంలో ఉన్న సమ్మక్కను తెస్తారు. తల్లి గుట్ట దిగేటప్పుడు జిల్లా పోలీసు అధికారి గాలిలోకి తుపాకీ పేల్చి వందనం చేస్తారు. దారి పొడుగునా ముగ్గులు, శివసత్తుల పూనకాలు, ఎదురుకోళ్ళు, ‘సమ్మక్క తల్లీ’ అనే కేకలు. శుక్రవారం దేవతలందరూ గద్దెల మీద ఉంటారు, మొక్కుల రోజు. శనివారం సాయంత్రం వనప్రవేశం. తల్లులు తిరిగి అడవికి వెళ్ళిపోతారు.

సమ్మక్క వచ్చే క్షణంలో గద్దెల వైపు చూస్తే దీపాలు, ధూళి, చేతులు తప్ప ఏమీ కనిపించవు. అయినా నా పక్కన నిలబడిన ముసలామె ‘వచ్చింది తల్లి’ అని ఏడ్చింది. ఆమెకు కనిపించినది నాకు కనిపించలేదని ఆ రోజు నుంచి ఇప్పటిదాకా అనుకుంటూనే ఉన్నాను.

విగ్రహం ఉండదా?

ఉండదు. గద్దెలు, వాటి మీద నిలిపే కంకవనం (వెదురు కర్రలు), కుంకుమ భరిణె, ఇంతే. గుడి గోపురం కోసం వెతికితే నిరాశ పడతారు. ఇది కోయల పూజా పద్ధతి. పూజారులు కోయలే. జాతరకు వారం ముందు చేసే మండమెలిగే పండుగ నుంచి వనప్రవేశం వరకు ప్రతి పనీ వాళ్ళ ఆచారం ప్రకారమే సాగుతుంది.

బెల్లాన్ని బంగారం అని ఎందుకు అంటారు?

ఇక్కడ మొక్కుబడి బెల్లమే. దాన్ని బంగారం అనే పిలవాలి. బిడ్డ పుట్టాలనో, జబ్బు నయం కావాలనో మొక్కుకున్నవాళ్ళు త్రాసులో ఒకవైపు కూర్చుంటే, రెండోవైపు వాళ్ళ బరువంత బెల్లం పెడతారు. దాన్ని నిలువెత్తు బంగారం అంటారు. ఒడిబియ్యం, పసుపు కుంకుమలు, కోళ్ళు, తలనీలాలు కూడా ఉంటాయి. కోటీశ్వరుడైనా కూలివాడైనా ఇచ్చేది ఒకే బంగారం.

సమ్మక్క కథ చరిత్రేనా?

కోయలు చెప్పే కథ ఇది. అడవిలో పులుల మధ్య ఆడుకుంటున్న పసిబిడ్డ దొరికితే కోయ దొర పెంచుకున్నాడు. ఆమె సమ్మక్క. పగిడిద్దరాజును పెళ్ళాడింది. సారలమ్మ, నాగులమ్మ, జంపన్న వాళ్ళ పిల్లలు. గోవిందరాజు సారలమ్మ భర్త. వరుస కరువుల్లో కప్పం కట్టలేకపోయారు. కాకతీయ ప్రతాపరుద్రుడి సైన్యం దండెత్తి వచ్చింది. ఒక్కొక్కరే నేలకొరిగారు. గాయపడిన జంపన్న సంపెంగ వాగులో పడి చనిపోగా నీళ్ళు ఎర్రబడ్డాయి. అప్పటినుంచి అది జంపన్న వాగు. సమ్మక్క యుద్ధం చేస్తూ చిలకలగుట్ట వైపు వెళ్ళి మాయమైంది. వెతికితే కుంకుమ భరిణె దొరికింది.

చరిత్రకారుల మధ్య వాదాలున్నాయి. నేను ఒక్క సంగతే గుర్తుచేస్తాను. ఒకే జిల్లాలో కాకతీయుల గొప్ప గుడి ఉంది, కాకతీయుల సైన్యం మీద తిరగబడిన తల్లి గద్దె ఉంది. రెండూ చూసినవారికే ఈ నేల పూర్తిగా తెలుస్తుంది. ఈ కథను కోయలు పడిగెల, అంటే గుడ్డ జెండాల, బొమ్మల్లో దాచుకున్నారు, డోలి వాయిస్తూ పాడుకున్నారు. అలా పాడిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన పొరుగున ఉన్న మణుగూరు ప్రాంతం వారు.

జాతర లేనప్పుడు మేడారం వెళ్ళవచ్చా?

వెళ్ళవచ్చు. గద్దెల దర్శనం ఎప్పుడూ ఉంటుంది, ఆదివారాల్లో, బుధవారాల్లో కాస్త రద్దీ. ముసలివాళ్ళు, పసిపిల్లలు ఉన్న కుటుంబాలకు జాతరకు ముందు వారాలే మేలు. లక్షలమంది అలాగే వస్తారు. ములుగు దగ్గర గట్టమ్మ తల్లికి తొలి మొక్కు చెల్లించి ముందుకు సాగడం ఆనవాయితీ.

రాకాసి గుళ్ళంటే ఏమిటి?

తాడ్వాయి మండలం దామెరవాయి దగ్గర గుట్ట మీద పెద్ద పెద్ద బండపలకలతో కట్టిన గూళ్ళు. మూడు నాలుగు పలకలు నిలబెట్టి పైన ఒకటి కప్పారు. అంత బరువు మనుషులు ఎత్తలేరు, రాక్షసులే కట్టి ఉంటారని జనం ఆ పేరు పెట్టారు. ఇవి బృహత్ శిలాయుగపు సమాధులు, రామప్ప కంటే ఎంతో పూర్వం నాటివి. కొన్నింటి లోపల రాతి తొట్టెలు ఉన్నాయి. దారి చూపే ఊరివాళ్ళు తోడు లేకుండా వెళ్ళకండి. పలకల మీదికి ఎక్కవద్దు.

దేవునిగుట్ట గురించి విన్నాం. వెళ్ళదగ్గదేనా?

నడవగలిగితే తప్పక వెళ్ళదగ్గది. ములుగుకు దగ్గరలో కొత్తూరు పక్కన గుట్ట మీద పాత గుడి. సుమారు 6వ శతాబ్దం నాటిదని చరిత్రకారులు భావిస్తున్నారు. ఇక్కడి శిల్పం ఒకే రాతిలో లేదు. ఇసుకరాతి దిమ్మెలను పేర్చి, వాటన్నిటి మీదుగా ఒక్కో బొమ్మను చెక్కారు. ముఖం ఒక దిమ్మె మీద, భుజం ఇంకో దిమ్మె మీద. దిమ్మె జారితే దేవుడి చేయి జారినట్టే. కొన్ని అలాగే జారిపోయాయి.

మల్లూరు?

మంగపేట మండలంలో, గుట్ట మీద హేమాచల లక్ష్మీనరసింహస్వామి. నిలువెత్తు స్వామి విగ్రహం మెత్తగా, మనిషి ఒంటిలా ఉంటుందని భక్తుల నమ్మకం. నాభి దగ్గర చందనం అద్దుతారు. పక్కనే చింతామణి జలధార ఉంది. ఆ నీళ్ళు సీసాల్లో పట్టుకుపోతారు.

బొగత జలపాతానికి ఎప్పుడు వెళ్ళాలి?

జూలై నుంచి నవంబరు వరకు. వాజేడు మండలంలో, ఏటూరునాగారం దాటి, ముల్లకట్ట వంతెన మీదుగా గోదావరి దాటి వెళ్ళాలి. చీకుపల్లి వాగు బండల మీదుగా వెడల్పుగా దూకుతుంది. తెలంగాణ నయాగరా అని పిలుస్తున్నారు. బొగతకు ఆ అరువు పేరు అక్కర్లేదు. వరద ఉన్నప్పుడు నీళ్ళలోకి దిగనివ్వరు. సిబ్బంది వద్దంటే వద్దనే అర్థం.

వానాకాలంలో రావడం ప్రమాదమా?

కొన్ని రోజులు నిజంగా ప్రమాదమే. 2023 జూలైలో వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. తెలంగాణలో అంతకుముందు ఎన్నడూ అంత వాన నమోదు కాలేదు. ఆ వరదలో జంపన్న వాగు కొండాయిని ముంచేసి ప్రాణాలు తీసింది. వాగు రోడ్డు మీదుగా పారుతుంటే బండి దిగి వెనక్కి రండి. హెచ్చరికలు ఉన్న రోజుల్లో ప్రయాణం మానుకోండి. మార్చి తర్వాత ఎండలు మండిపోతాయి. మొత్తం మీద అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయి.

ఏటూరునాగారం అడవిలో జంతువులు కనిపిస్తాయా?

జింకలు, అడవి పందులు, కోతులు, నెమళ్ళు అదృష్టం ఉంటే. పెద్దవాటి కోసం ఆశ పెట్టుకోవద్దు. ఈ అడవిని చెట్ల కోసం చూడాలి: టేకు, మద్ది, ఇప్ప, తునికి, వెదురు. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం మధ్య వీచిన సుడిగాలికి దాదాపు 50 వేల చెట్లు కూలిపోయాయి. నిలువెత్తు వృక్షాలు వేళ్ళతో సహా పడి ఉన్న దృశ్యం చూసినవారు మరచిపోలేరు.

కోయ గూడేల్లోకి వెళ్ళవచ్చా?

పిలిస్తే వెళ్ళండి. అది ప్రదర్శనశాల కాదు, మనుషుల ఇళ్ళు. అడగకుండా ఫోటోలు తీయవద్దు. ఇంటి ముందు నిలబడి ‘అక్కా, అన్నా’ అని పలకరిస్తే మంచినీళ్ళు ఇవ్వకుండా పంపరు. వేసవిలో ఇప్పపూలు ఏరే వేళ, తునికాకు కోసే వేళ వాళ్ళకు క్షణం తీరిక ఉండదు, అప్పుడు దారికి అడ్డం పోకండి.

బస, భోజనం?

రామప్ప, లక్నవరం, తాడ్వాయిలలో పర్యాటక సంస్థవారి హరిత బస ఉంది. శని, ఆదివారాలకు ముందే చెప్పుకోవాలి. ములుగులో, ఏటూరునాగారంలో మామూలు భోజన హోటళ్ళున్నాయి. చెరువు చేపల వేపుడు అడగండి.

రెండు రోజులకు ఎలా వేసుకోవాలి?

మొదటి రోజు ఉదయమే రామప్ప, సాయంత్రం చెరువు కట్ట, రాత్రి అక్కడే. ఓపిక ఉంటే మధ్యలో పొరుగు జిల్లాలోని ఘనపూర్ కోటగుళ్ళు. అవీ కాకతీయులవే, శిథిలమైనా అందం పోలేదు. రెండో రోజు గట్టమ్మ, లక్నవరం, మేడారం, రాత్రి తాడ్వాయి. మూడో రోజు ఉదయం మిగిలితే వానాకాలంలో బొగత, లేకపోతే మల్లూరు.

ఇంటికి ఏం తీసుకెళ్ళాలి?

గిరిజన సహకార సంస్థ దుకాణంలో తేనె. మేడారం నుంచి మాత్రం బంగారం. గద్దెల దగ్గర దొరికిన బెల్లం ముక్కను ఒక్కరే తినరు. ఇంటికి చేరగానే చిదిపి, ఆకులోనో కాగితంలోనో పెట్టి, వాడకట్టులో ప్రతి ఇంటికీ పంచుతారు.